నీడలో ఆరబెట్టిన పిలకలు

పోయిన వారం రమణిని మెట్ల మొదట్లో వదిలి వచ్చాం. ఒక కాలు నేల మీద, ఒక కాలు మెట్టు మీద. పైనుంచి తోడికోడలు కృష్ణకుమారి పిలిచింది.

"రమణీ, ఒకసారి పైకి రా. పాపను అత్త దగ్గర పెట్టి రా."

ఆ రెండో మాటే ఆమెను ఆపేసింది. పాపను చూడకుండా ఒక్కపూట గడవని మనిషి, పాప లేకుండా రమ్మంటోంది.

మార్కాపురంలోని ఆ రెండంతస్తుల ఇంట్లో పైన పెద్దకొడుకు శివకృష్ణ, అతని భార్య కృష్ణకుమారి ఉంటారు. కింద చిన్నకొడుకు సురేష్, రమణి, వాళ్ళ ఇద్దరు ఆడపిల్లలు, అత్త లక్ష్మీనరసమ్మ. పైన పిల్లలు లేరు. కింద రెండో ఆడపిల్ల నాగజ్యోతి, ఇంట్లో అందరికీ జోతి, పుట్టిన రోజు, ఆస్పత్రి మంచం పక్కన నిలబడి అత్త అడిగింది, ఈ బిడ్డను పైకి ఇద్దామా అని. మత్తు దిగని రమణి తల ఊపిందట. ఊపిందో, నిద్రలో తల పక్కకు వాలిందో రమణికే తెలియదు. చూసినవాళ్ళు మాత్రం ఊపిందనే అన్నారు. పాలు మానేదాకా కింద, మానినాక పైన. మేడ మీదికే కదా, దానికేముంది అన్నారు.

అందుకే రెండేళ్ళు దాటినా జోతి పాలు మానలేదు. చేదుకు పిల్ల మానేస్తుందని అత్త రొమ్ముకు కలబంద పూయమంది. రమణి రోజూ పూసుకుంటూనే ఉంది, పిల్ల తాగుతూనే ఉంది. ఇదేం వింత అని ఇల్లంతా ముక్కున వేలేసుకుంటే రమణి కూడా వేసుకుంది. కలబందలో చేదంతా తోలు కింద ఉండే పసుపు రసంలోనే ఉంటుంది. మట్టను కోసి నిలబెడితే ఆ రసం కారిపోతుంది. తోలు తీసి గుజ్జును కడిగితే మిగిలేది రుచీ పచీ లేని జిగురు. రమణి పూసుకుంటున్నది ఆ జిగురు.

ఇంతవరకే ఆమె మోసం. ఇప్పుడామె మెట్లెక్కింది.

మేడ మీద సగం గదులు, సగం డాబా. డాబా నిండా కలబంద. పాత పెయింటు బకెట్లలో, పగిలిన టబ్బుల్లో, ఒకటి ఏకంగా పనికిరాని కుక్కర్‌లో. మొదట్లో కృష్ణకుమారి గులాబీలు పెట్టింది. మల్లె పెట్టింది. వేసవిలో ట్యాంకరు రాని వారాల్లో అవి ఒక్కొక్కటే పోయాయి. ఆ రోజుల్లో ఆమె కడుపు కూడా నిలవలేదు. ఆ రెండింటినీ ఎవరూ కలిపి మాట్లాడలేదు కానీ, ఎండిన గులాబీ కర్రలను పీకి పారేసేటప్పుడు ఆమె మొహం చూడలేక రమణి ఒకసారి కిందికి దిగిపోయింది. తర్వాత ఎవరో ఒక కలబంద మొక్క ఇచ్చారు. నీళ్ళు పోయడం మరిచిపోతే బతికింది. గుర్తుపెట్టుకుని పోస్తే కుళ్ళబోయింది. ఎంత తక్కువ పట్టించుకుంటే అంత బాగుండే మొక్కను, కృష్ణకుమారి ప్రాణం పెట్టి పట్టించుకోవడం నేర్చుకుంది.

"కూర్చో" అంది కృష్ణకుమారి. పీట మీద కూర్చుని, ఒక మట్ట చివర ఎండిన ముక్కను గోటితో తుంచుతోంది.

"లేదక్కా. పాప లేస్తది."

"లేస్తే అత్త ఉంది గదా. కూర్చో."

రమణి పిట్టగోడకు ఆనుకుని కూర్చుంది. ఎండ వాలుతున్నా గోడ ఇంకా వేడిగానే ఉంది.

"ఎన్నిసార్లు కడుగుతున్నావు గుజ్జును?"

రమణికి ముందు భయం కలగలేదు. చెవులు వేడెక్కాయి. చిన్నప్పుడు బళ్ళో ఏదో తప్పు చేసి దొరికినప్పుడు కూడా అంతే, ముందు చెవులకే తెలిసేది.

"ఏం గుజ్జక్కా?"

"నాతో ఎందుకమ్మే? నేర్పింది నేనే గదా. పెండ్లయిన కొత్తల్ల నీ మొహం నిండా మొటిమలుండె. మట్ట కోసి గ్లాసులో నిలబెట్టు, పసుపు రసం కారిపోనీ, లేకపోతే దురద పెడతది అని ఎవరు చెప్పినారు?"

రమణి తల దించుకుంది. ఆ గ్లాసు ఆమెకు గుర్తుంది. ఈ ఇంట్లో మొదటిసారి ఎవరో తన మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, ప్రేమగా, చల్లగా ఏదో పూశారు. ఆ చేతులే ఇవి.

"అత్తకు చెప్తావా?"

"చెప్పేదాన్నయితే ఎప్పుడో చెప్పుండనా? చెత్తబుట్టలో తోళ్ళు చూసినా. ఎంత శుభ్రంగా గీకినావో! నాకు నవ్వొచ్చింది. మళ్ళా ఏడుపొచ్చింది."

"మరెందుకు చెప్పలేదు?"

కృష్ణకుమారి తుంచిన ముక్కను వేళ్ళ మధ్య నలిపింది. "నాకు భయమైంది."

"నీకా?"

"ఆఁ, నాకే. నువ్వు నిజంగా చేదు పూసుకున్నావనుకో. అది తాగలేక ఏడ్చుకుంటా నా దగ్గరికొస్తది. అట్లొస్తే అది నా దగ్గరికి వచ్చినట్టా, నీ దగ్గర్నుంచి పారిపోయినట్టా? రేపెప్పుడన్నా నా మొహం చూసి దానికి ఆ చేదే గుర్తొస్తే? అందుకే, నువ్వు ఇంకో నాలుగు రోజులు కడుక్కుంటే కడుక్కోనీలే అనుకున్నా. నాకూ ఆ నాలుగు రోజులు కావల్సొచ్చినాయి."

రమణి ఆ నలిగిన ముక్క వైపు చూసింది. ఈ మనిషిని ఇన్నాళ్ళూ లోపల్లోపల ద్వేషించింది. ఆ ద్వేషం గోడలా ఉండేది. అలసిపోయినప్పుడు వీపు ఆనించుకోవడానికి పనికొచ్చేది. రెండు మాటల్లో కృష్ణకుమారి ఆ గోడ తీసేసింది. ఇప్పుడు ఎక్కడ ఆనుకోవాలి? ఎదుటి మనిషి చెడ్డది కాదని తెలియడం ఇంత నిస్సహాయంగా ఉంటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

కృతజ్ఞతతో కళ్ళు తడిసి, చూపు పక్కకు తిప్పుకుంది. అప్పుడు కనబడ్డాయి.

నీళ్ళ ట్యాంకు కింద, నీడలో, పాత పేపరు మీద కలబంద పిలకలు వరుసగా పడుకోబెట్టి ఉన్నాయి. తల్లి మొక్కల మొదట్లో పుట్టే చిన్న పిలకలు. వేళ్ళకు మట్టి దులిపేసి ఉంది. తుంచిన చోట పచ్చి ఆరి, గోధుమరంగు పొర కట్టింది. కొన్నిటిని అప్పటికే పేపర్లో చుట్టి దారం కట్టారు. పక్కన అట్టపెట్టె, దానికి గాలి ఆడటానికి పొడిచిన చిల్లులు.

కృష్ణకుమారి పిలకలు తీయడం రమణికి కొత్త కాదు. వెంటనే నాటితే కుళ్ళిపోతాయని కొన్నాళ్ళు నీడన ఆరబెడుతుంది. కానీ పిలక మీద చెయ్యి వేసే ముందే బకెట్లు తెచ్చుకుని, ఇసుక కలిపిన మట్టి నింపి వరుసగా పెట్టుకోవడం ఆమె పద్ధతి. ఇల్లు కట్టకుండా పిల్లను పంపుతామా అని నవ్వేది. రమణి డాబా అంతా కలియజూసింది. మట్టి నింపిన బకెట్ ఒక్కటీ లేదు.

"ఇవి యాడ నాటుతావక్కా?"

కృష్ణకుమారి ఒళ్ళో పడిన ఎండుముక్కలను దులుపుకుంది.

"అక్కా. యాడ నాటుతావు?"

"హోసూరులో."

ఆ పేరు రమణి విన్నదే. శివకృష్ణ పనిచేసే గ్రానైటు పాలిష్ ఫ్యాక్టరీ వాళ్ళు అక్కడ ఇంకొకటి పెడుతున్నారని ఇంట్లో అనుకున్నారు. అయితే అది ఒక వార్తలాగా అన్నం దగ్గర దొర్లి పోయింది.

"బావను అక్కడికి రమ్మన్నారు. సూపర్‌వైజర్‌గా. ఇల్లు చూసుకోనొచ్చినారు." కృష్ణకుమారి గొంతు చాలా చిన్నదైపోయింది. "పాప పాలు మానినాక పోదామని ఆగినాం. నేనే చెప్దామని పిలిచినా రమణీ. నీకు తెలియకుండా ఎత్తుకుపోయినట్టు నాకొద్దు."

మేడ మీదికే కదా. రమణి రెండేళ్ళుగా ఆ మాట మీద బతికింది. జోతి ఏడిస్తే వినబడుతుంది. పరుగెత్తితే పైన అడుగుల చప్పుడు తెలుస్తుంది. ఎవరి బిడ్డ అన్నది మెట్లకు ఆ చివర, ఈ చివర జరిగే మాట అనుకుంది. ఇప్పుడు ఆ మెట్లు సాగిపోయి, రాష్ట్రం దాటి పోయాయి.

"ఇల్లు చూసుకోనొచ్చినారంటే ఎవరెవరు?"

"బావ. సురేష్ కూడా పోయినాడు" అంది.

పొదిలిలో రెండు రోజుల పనుందని సురేష్ చెప్పి పోయినప్పుడే అయి ఉండాలి. రెండో రోజు రాత్రి ఆలస్యంగా వచ్చి పొదిలిలో ఎండ మండిపోతోందన్నాడు. ఆమె మజ్జిగ కలిపి ఇచ్చింది.

రమణి ఫోన్ చేసింది. సురేష్ ఎరువుల షాపులో ఉన్నాడు. వెనక ఎవరో జింకు బస్తాల గురించి గట్టిగా అడుగుతున్నారు.

"హోసూరుకు పోయినావంట?"

అవతల ఒక్క క్షణం జింకు బస్తాలే వినిపించాయి. "ఇంటికొచ్చినాక మాట్లాడదాం. ఇప్పుడు జనముండారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు ఇట్లనే చేస్తావని. చూడు, మాటిచ్చినాం గదా. ఇప్పుడు కాదంటే అన్న ముందర నేనెట్ల తిరగాల?"

ఫోన్ పెట్టేశాక ఆ వాక్యాన్ని రమణి మనసులో అటూ ఇటూ తిప్పి చూసింది. అందులో అతనున్నాడు, అన్న ఉన్నాడు. పాప లేదు. తను కూడా లేదు.

మెట్ల మీద రొప్పు వినబడింది. లక్ష్మీనరసమ్మ వస్తోంది. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కని మనిషి, ఒక చంకలో జోతి, ఇంకో చేతిలో స్టీలు గిన్నె.

"ఏందమ్మే, ఇద్దరూ పైన కోర్టు పెట్టినారా? తీర్పు చెప్పనీకి జడ్జి వచ్చింది, లెయ్యండి." జోతిని దింపి, గిన్నెను రమణి పక్కన పెట్టింది. "నీ గిన్నెలోది నాకి చూసినాలే ఈపొద్దు. కొబ్బరినీళ్ళ మాదిరుండాది. నా మనవరాలికి చేదు తెలీదేమో, నాలుక డాక్టరుకు చూపిద్దామా అనుకున్నా. నాలుక బాగానే ఉండాది. కోడలి చేతివాటం బాగుండాది."

గిన్నెలో చిక్కటి పసుపు రసం అడుగున పట్టి ఉంది.

"యాడిది ఇది?" కృష్ణకుమారి లేచింది.

"గుమ్మానికి దిష్టికి కట్టిన కలబందలో మట్ట విరిచినా. నీళ్ళు లేకుండా తలకిందులుగా ఏలాడే దాంట్ల చేదు చూడు, చుక్క చాలు."

"అత్తా, అంత చిక్కటిది కడుపులోకి పోతే పిల్లకు విరేచనాలైతాయి."

"నీ మొగుడికి, దీని మొగుడికి పూసింది ముసాంబరం. ఈ రసాన్నే ఎండబెట్టి రాయి మాదిరి చేసింది. చచ్చినారా? ఒకడు హోసూరికి దొర మాదిరి పోతన్నాడు. ఇంకొకడు గల్లాపెట్టె దగ్గర కాలు మీద కాలేసుకోనుండాడు."

అంటే హోసూరు సంగతి అత్తకూ తెలుసు. రమణికి ఆశ్చర్యం కూడా రాలేదు.

"హోసూరు అని నాకెవరూ చెప్పలేదత్తా."

"చెప్తే ఏమైతాది? పైనయితే ఏంది, హోసూరైతే ఏంది? బిడ్డ పోయేది పరాయింటికా? బిడ్డ లేక పైన ఇది ఎట్లుందో నాకు తెలుసు. నాకు మీరిద్దరూ కోడళ్ళే. ఒకదాని ఒడి నిండి, ఒకదాని ఒడి ఎండుతుంటే నేను యా కంటితో చూడాల?" అత్త గొంతు చివర్లో తడబడింది. ఆమె కూడా చెడ్డది కాదు. ఈ ఇంట్లో ఎవరూ చెడ్డవాళ్ళు కాదు. పోట్లాడటానికి రమణికి ఒక్క మనిషి కూడా దొరకడం లేదు.

"పూసుకో" అని అత్త గోడవైపు తిరిగి కూర్చుంది.

ఎవరూ ఆమె చెయ్యి పట్టుకోలేదు. పట్టుకుని ఉంటే విడిపించుకునేది. గిన్నె పక్కన ఉంది, అంతే. పిల్లను ఎత్తుకుని కిందికి దిగిపోవచ్చు. కిందికి దిగితే? సాయంత్రం సురేష్ వస్తాడు. రేపు మళ్ళీ ఈ గిన్నె వస్తుంది. పుట్టింటికి పోతే అక్కడా ఇచ్చిన మాట సంగతే అడుగుతారు. తను చెప్పగలిగిందల్లా ఒక్కటే. ఆ రోజు తల ఊపలేదు, నిద్రలో వాలింది. రెండేళ్ళ తర్వాత ఆ మాట ఎవరు నమ్ముతారు? తనే పూర్తిగా నమ్మడం లేదు.

అప్పుడొక ఆలోచన వచ్చింది. వచ్చాక అది ఆలోచనలా కాక మొండితనంలా నిలబడింది. నిజమైన చేదే పూసుకుంటుంది. వాళ్ళ కళ్ళముందే. అయినా జోతి తాగుతుంది. మొహం చిట్లించుకుని, ఏడ్చి, అయినా తాగుతుంది. అప్పుడు ఎవరూ ఏమీ అనలేరు. చేదును కూడా మింగే పిల్లను ఏ మాట మీద విడదీస్తారు?

తన మీద తనకు లేని నమ్మకమంతా ఆమె రెండేళ్ళ పిల్ల మీద పెట్టింది. అది తప్పని ఆ క్షణంలో ఆమెకు చెప్పేవాళ్ళు లేరు. కృష్ణకుమారి "వద్దు రమణీ, కొంచెం నీళ్ళన్నా కలుపు" అంది. రమణి వినలేదు. వేలు గిన్నెలో ముంచింది. పసుపు రసం చర్మానికి జిడ్డుగా పట్టుకుంది. కొంగు కప్పుకుని, జోతిని ఒళ్ళోకి పిలిచింది.

జోతి ఎప్పటిలాగే వచ్చింది. వచ్చేటప్పుడు ఆ పిల్లకు ఒక పద్ధతుంది. ముందు తల్లి చెవి పట్టుకుంటుంది, తర్వాత కాళ్ళు ముడుచుకుంటుంది, తర్వాత కళ్ళు మూసుకుంటుంది. అన్నీ వరుసగా చేసింది.

ఒక గుక్క.

ఏడవలేదు. అందుకు రమణి సిద్ధంగా ఉంది, ఏడిస్తే ఏం చేయాలో తెలుసు. జోతి నోరు తీసి, తెరిచిన నోటితోనే, తల ఎత్తి తల్లి మొహంలోకి చూసింది. చేదు ఎక్కడినుంచి వచ్చిందో ఆ మొహంలో వెతుకుతున్నట్టు చూసింది. రమణి నవ్వడానికి ప్రయత్నించింది. తాగు నాయనా, ఏం కాదు అంది. మనసులో మాత్రం బతిమాలుతోంది. ఒక్క గుక్క. ఇంకొక్కటి.

జోతి రెండోసారి నోరు పెట్టింది. ఒళ్ళంతా వణికింది. మళ్ళీ తీసేసింది. ఆ తర్వాత తన గౌను అంచు పట్టుకుని తల్లి రొమ్మును తుడవబోయింది. తుడిచి, బుగ్గలు పూరించి, "ఉఫ్" అని ఊదింది. అమ్మకు దెబ్బ తగిలిందనుకుంది. ఆ దెబ్బే చేదుగా ఉందనుకుంది. ఇంకోసారి ఊదింది. ఆ ఊపిరి ఎంత చిన్నదంటే, రసం తడి మీద చల్లగా తగలకపోతే రమణికి తెలిసేది కూడా కాదు.

గోడవైపు తిరిగిన లక్ష్మీనరసమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఆమె ఈ పని చాలాసార్లు చూసిన మనిషి. పిల్లలు ఏడవడం చూసింది, కొట్టడం చూసింది. ఊదడం చూడలేదు.

రమణి కొంగు సర్దుకుంది. పందెం ఓడిపోయినట్టు తెలుస్తోంది. పిల్లకు ప్రేమ లేక కాదు. ప్రేమ ఉంది కాబట్టే దెబ్బ తగిలిన చోట ఇంకోసారి నోరు పెట్టదు. ఇన్నాళ్ళు చేదు లేకుండా కడిగి కాపాడుకున్నదాన్ని, తన వేలితో తనే ముగించేసింది.

జోతి ఒళ్ళోంచి జారింది. నాలుక బయటపెట్టి చేత్తో గీక్కుంది. నోటినిండా నిండిన ఉమ్మిని గౌను మీదికి వదిలింది. డాబా మధ్యలోకి నడిచి నిలబడింది. ఇటు రమణి, అటు ట్యాంకు దగ్గర కృష్ణకుమారి. పిల్లను అందుకోకూడదని కృష్ణకుమారి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని ఉంది. ఆ చేతులను ఆమె ఎంత గట్టిగా పట్టుకుని ఉందో, వంగిన భుజాల్లో కనబడుతోంది. జోతి ఎవరివైపూ చూడటం లేదు. తల వంచి, తన పాదాల మధ్య పడిన ఉమ్మిని చూస్తోంది.

"అమ్మా, నీళ్ళు" అంది.

"ఆఁ తల్లీ."

రెండు గొంతులు పలికాయి.

కృష్ణకుమారి నోరు మూసుకుంది, కానీ అప్పటికే మాట వచ్చేసింది. తడబడుతూ రాలేదు, ఆశ్చర్యంతో రాలేదు. వంటింట్లో పని చేసుకుంటూ, తల తిప్పకుండానే రోజూ పలికే జవాబులా వచ్చింది. ఎన్నో మధ్యాహ్నాలు, కింద అందరూ నిద్రపోయే వేళ, ఈ డాబా మీద ఆ పిలుపుకు ఆ జవాబు అలవాటైపోయి ఉండాలి. రమణి కృష్ణకుమారి కళ్ళలోకి చూసింది. కృష్ణకుమారి చూపు దించుకుంది.

రెండు గొంతులు విన్నందుకు జోతి మాత్రం ఏమీ ఆశ్చర్యపోలేదు. అమ్మా అంటే ఇద్దరు పలకడం ఆ పిల్లకు కొత్తేం కాదన్నట్టుంది.

రమణి రవికె తడిసిపోతోంది. ఆ పిలుపు చెవిన పడగానే పాలు వాటంతట అవే చేపుకొచ్చాయి. ఆపడం ఆమె చేతుల్లో లేదు. పసుపు చేదులో తెల్లగా కలిసి, కొంగు మీదికి మరకగా పాకుతున్నాయి. ఆమె చూస్తూ కూర్చుంది. రెండు గొంతుల్లో ముందు పలికింది తనది కాదని, ఇప్పుడు, నెమ్మదిగా, ఆమెకు అర్థమవుతోంది.

జోతి తల ఎత్తింది. నీళ్ళకోసం ఒక అడుగు వేసింది.